నాన్న నడిచిన వంతెనను పోటీకి పంపనా?

హన్మకొండ నుంచి ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్ ఆరు పేజీల ఉత్తరం రాశారు. వయసు 42. పేరు, సొంతూరి పేరు రాయొద్దన్నారు. ఉత్తరంతో పాటు మూడు ఫోటోల ప్రింట్లు కూడా పెట్టారు. ఉత్తరం సారాంశం ఇది:

ఆమెకు ఎనిమిదేళ్లుగా ఫోటోలు తీసే అలవాటు ఉంది. ఆగస్టు 19, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా తమ దగ్గర ఔత్సాహికులకు ఒక పోటీ పెట్టారు. అంశం ‘వంతెన’. ఒక్కరు ఒక్క ఫోటోనే పంపాలి. 12 బై 18 ప్రింటు, దాంతో పాటు ఒరిజినల్ ఫైలు ఇవ్వాలి. ఫోటోలో లేనిదాన్ని చేర్చకూడదు, ఉన్నదాన్ని తీసేయకూడదు. వెలుతురు, రంగులు కాస్త సర్దుకోవచ్చు. గడువు ఆగస్టు 5.

ఆమె మూడు ఫోటోల దగ్గర ఆగిపోయారు. మొదటిది లక్నవరం వేలాడే వంతెన, డిసెంబరు పొద్దున మంచులో. మూడుసార్లు వెళ్తే ఒక్కసారి దొరికింది. రెండోది కరీంనగర్ కేబుల్ బ్రిడ్జి, రాత్రి లైట్లలో. వాళ్ల మరిది పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తారు, స్టూడియో ఉంది. ట్రైపాడ్ ఆయనదే, ఎడిటింగూ ఆయనే చేశారు. రెండు స్తంభాల మధ్య నిండు చందమామను తెచ్చి పెట్టారు. “గిదే పంపు వదినా, చూడంగనే కండ్లు జిగేల్మనాలె” అంటున్నారు. రూల్స్ సంగతి ఎత్తితే “ఎవలకు తెలుస్తది?” అన్నారట.

మూడోది ములుగు వైపు వాళ్ల సొంతూరి వాగు మీది లోలెవల్ వంతెన. 2023 జులై చివర కొట్టిన వానలకు దాని కమ్మీలు కొట్టుకుపోయాయి. ఆగస్టులో నీళ్లు తగ్గాక వాళ్ల నాన్నగారు దాన్ని దాటుతుంటే ఒడ్డు మీద నుంచి ఫోన్‌తో తీశారు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పోయిన దీపావళి వెళ్లిన వారానికి చనిపోయారు. కార్తీకంలో సంవత్సరీకం. ఈ ఫోటో మాట ఎత్తగానే అమ్మ, “మీ నాయినను పోటీల పెడ్తవా బిడ్డా? మందితోని మార్కులేయిస్తవా?” అని లేచి లోపలికి వెళ్లిపోయారు. తమ్ముడేమో, “ప్రైజు రాకపోతే నాయిన ఓడిపోయినట్టే గదక్కా” అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తడం లేదు.

“రెండేళ్ల కింద ఒక పోటీకి పంపితే మొదటి వడపోతలోనే పోయింది. మా మరిది ఇప్పటికీ ఆ మాట అంటారు. ఈసారి ఓడిపోవాలని లేదు. మూడింట్లో ఏది మంచి ఫోటో? అమ్మ మాట కాదని పంపితే తప్పవుతుందా?” ఆమె ప్రశ్న ఇదీ.

అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. “లక్నవరం ఫోటో కోసం నేను పడ్డ కష్టం వేరే దేనికీ పడలేదు” అని రాశారు. ఆ తర్వాత రెండు పేజీలూ ఆ కష్టం గురించే. మొదటిసారి మబ్బు, రెండోసారి ఎండ, మూడోసారి చలిలో కాటేజీ గుమ్మం ముందు శాలువా కప్పుకొని తెల్లవారడం కోసం కూర్చోవడం. చదువుతుంటే నాకే చలి పుట్టింది. కానీ ఆ చలి ఉత్తరంలో ఉంది, ఫోటోలో లేదు.

ఫోటో తీసినవాళ్లకు వాళ్ల ఫోటో ఎంచుకోవడం కష్టం కావడానికి కారణం ఇదే. ఫోటోను చూసినప్పుడల్లా మీకు ఆ రోజంతా గుర్తొస్తుంది. ఎదుటివాళ్లకు కనిపించేది నాలుగు అంచుల మధ్య ఉన్నది మాత్రమే. నేను కొన్ని చిన్న పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. మొదటి వడపోతలో ఒక్కో ఫోటో ముందు నిలబడేది కొన్ని క్షణాలే. ఆ క్షణాల్లో అది తనంతట తాను ఏం చెబితే అంతే. అందుకే మూడింటినీ ఒకే ప్రశ్నతో చూశాను: మీ మనసులో ఉన్న ఆ రోజు ఫోటోలోకి వచ్చిందా, లేక మీ దగ్గరే ఉండిపోయిందా?

లక్నవరం ఫోటో అందంగా ఉంది, అందులో అనుమానం లేదు. మంచు పలచగా ఉన్నచోట చెట్ల కొనలు తేలినట్టుగా వచ్చాయి. వంతెన ఎడమ మూల నుంచి మొదలై మంచులోకి వెళ్లి మాయమవుతోంది. ఇబ్బంది రెండు విషయాల్లో ఉంది. ఒకటి, ఈ ఫోటోలో ముందుగా కంటికి కనిపించేది మంచు, వంతెన దాని తర్వాతే. ‘పొగమంచు’ అని అంశం పెట్టి ఉంటే నేను ఇంకో మాట లేకుండా ఇదే పంపమనేవాణ్ని. రెండోది, మన వరంగల్, ములుగు చుట్టుపక్కల కెమెరా ఉన్నవాళ్లందరూ వెళ్లే చోటు అది. కాకతీయుల కాలపు చెరువు, మధ్యలో దీవులు, వేలాడే వంతెన. వంతెన అనగానే ఈ ప్రాంతంలో చాలామందికి మొదట గుర్తొచ్చేది అదే కాబట్టి న్యాయనిర్ణేతల బల్ల మీద అలాంటివి వరసగా ఉంటాయి. వాటి మధ్య మీది నిలబడాలంటే అందంతో పాటు ఇంకేదో కావాలి.

అది మీ దగ్గర ఉందేమో కూడా. ఉత్తరంలో మీరు మాటవరసకు రాశారు, అదే పొద్దున ఒక ఆవిడ చీపురుతో వంతెన పలకల మీద ఆకులు ఊడుస్తోందని, ఆమె పక్కకు తప్పుకునేదాకా ఆగి ఫోటో తీశానని. ఆమె ఉన్న ఫ్రేములు ఏమైనా మిగిలాయా? ఆ పొద్దున తీసినవన్నీ మళ్లీ ఒకసారి మొదటి నుంచి చూడండి. అడ్డం అనుకున్న మనిషి వల్లే ఆ వంతెన మిగతా వంతెనల్లో కలిసిపోకుండా ఉండొచ్చు. అలాంటిది దొరికితే లక్నవరం లెక్క మారిపోతుంది. ఇంట్లో ఎవరినీ నొప్పించని దారి కూడా ఇదే. దొరకకపోతే ఇప్పుడున్న ఫోటో మొదటి వడపోత దాటుతుందనే అనుకుంటున్నాను. ఆ పైన ఎంత దూరం వెళ్తుందో చెప్పలేను.

కేబుల్ బ్రిడ్జి ఫోటో గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఇందులో నష్టపోయేది మీరు.

ఎవరికి తెలుస్తుందని మీ మరిది అడిగారు కదా. ప్రింటును కిటికీ దగ్గర పెట్టి చూడగానే నాకు తెలిసింది. మానేరు నీళ్లలో వంతెన లైట్లన్నీ పొడుగు చారల్లా పడ్డాయి. నీళ్ల మీద అంత కిందకు ఉన్న చందమామ జాడ మాత్రం నీళ్లలో ఎక్కడా లేదు. ఇంకొకటి. వాహనాల లైట్లు గీతల్లా రావడానికి షట్టర్ 15 సెకన్లు తెరిచి ఉంచామని మీరే రాశారు. నిండు చందమామను 15 సెకన్లు తీస్తే మచ్చలు కనబడవు, తెల్లటి ముద్ద వస్తుంది. మచ్చలు కనబడాలంటే సెకనులో వందో వంతు లాంటి స్పీడు కావాలి. మీ ఫోటోలో చందమామ మీద మచ్చలన్నీ లెక్కపెట్టేలా ఉన్నాయి. రాత్రి ఫోటోలు నాలుగు తీసినవాళ్లెవరైనా ఇది పట్టుకుంటారు. పట్టుకోకపోయినా ఒరిజినల్ ఫైలు అడిగారు కాబట్టి అక్కడ చందమామ ఉండదు. అప్పుడు ఫోటోతో పాటు మీ పేరు కూడా పక్కన పెడతారు. మీరు లెక్చరర్. ఊళ్లో మీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు ఉంటారు. ఆ మాట పోటీ అయిపోయాక కూడా మీ వెంట వస్తుంది.

దొరకలేదనే అనుకుందాం. ప్రైజు వచ్చింది. ఇంటికి వచ్చినవాళ్లు, “చందమామ సరిగ్గా మధ్యలోకి ఎట్లా దొరికింది టీచర్?” అని అడుగుతారు. అడిగిన ప్రతిసారీ మీరు ఏం చెబుతారు? మీ ఉత్తరం చదివినదాన్ని బట్టి, మీరు రెండోసారికే నిజం చెప్పేసే మనిషి.

అలాగని ఆ ఫోటోను పూర్తిగా వదిలేయక్కర్లేదు. చందమామ లేని అసలు ఫైలు తెప్పించుకోండి. 2023లో మొదలైన వంతెన అది, స్తంభాల నుంచి తీగలు విసనకర్రలా దిగే తీరు కంటికి కొత్తగానే ఉంటుంది. మీరు నిలబడిన చోటు కూడా బాగుంది. రంగులు, వెలుతురు మీరే సర్దుకోండి, మీకు రాదని నేను అనుకోను. ఇది ఔత్సాహికుల పోటీ, ఫోటోలే వృత్తిగా ఉన్న మనిషి చేతి పని అందులో ఎంత ఉండొచ్చు అనే ప్రశ్న కూడా అప్పుడు రాదు. రూల్స్ దాటకుండా పంపవచ్చు. కాకపోతే చందమామ పోయాక మిగిలేది చక్కగా తీసిన ఒక రాత్రి ఫోటో. అలాంటివి కూడా చాలానే వస్తాయి.

మీ మరిదితో తగాదా వద్దు. ఆయన మీకు చెడు చేయాలని చేయలేదు. పెళ్లి ఆల్బంలో వెనక తాజ్‌మహల్ పెట్టమని అడిగేవాళ్లే ఆయన దగ్గరికి రోజూ వస్తారు. ఆ పనిలో చేర్చడం తప్పు కాదు, అడిగి మరీ చేయించుకుంటారు. పోటీ వేరు. “చందమామ లేని ఫైలు ఒకటి ఇవ్వు, ఒరిజినల్ అడుగుతున్నరు” అని సూటిగా అడిగితే సరిపోతుంది. మొదటి వడపోతలో పోయిందని ఆయన అన్న మాట మీకు రెండేళ్లుగా గుచ్చుకుంటోందని అర్థమైంది. కానీ ఆయన నోరు మూయించడానికి ఫోటో ఎంచుకుంటే ఆయనకు నచ్చే ఫోటోనే ఎంచుకుంటారు. ఈసారి జరుగుతున్నది దాదాపు అదే.

ఇక మీ నాన్నగారి ఫోటో.

దీన్ని చివరికి ఉంచుకున్నాను. ముందు ఫోటోగా చూస్తాను, తర్వాత మీ ఇంటి సంగతికి వస్తాను.

మనిషి మనవాడైతే ఫోటో మంచిదనిపించడం సహజం. అందుకని అనుమానంతోనే మొదలుపెట్టాను. ఈ ప్రింటును మా పక్కింటి అబ్బాయికి చూపించాను. ఎవరో, ఏమిటో చెప్పలేదు. ఐదు క్షణాల తర్వాత తిప్పేసి ఏం చూశావని అడిగాను. “పెద్దాయన చెప్పులు చేత్తో పట్టుకొని బ్రిడ్జి దాటుతున్నడు. పక్కన కమ్మీలు లేవు. జారుతడేమోనని చూస్తున్న” అన్నాడు. అంతా చెప్పేశాడు. మంచు ఫోటో చూపిస్తే “లక్నవరం” అన్నాడు, ఇంకో మాట రాలేదు.

దగ్గరగా చూస్తే ఇంకా ఉంది. ధోతి మోకాళ్ల పైకి కట్టారు. చంకలో గొడుగు ఉంది, వాన మళ్లీ వస్తుందని ఆయనకు తెలుసు. కుడికాలు మడమ లేచి ఉంది, వేళ్లు మాత్రం సిమెంటును పట్టుకొని ఉన్నాయి. పాచి పట్టిన చోట మన ఊళ్లవాళ్లు అలాగే నడుస్తారు. స్లాబు మీద పలచటి నీటి పొరలో ఆయన నీడ విరిగి పడింది. కమ్మీలు ఊడిన చోట ఇనుప చువ్వలు పైకి లేచి ఉన్నాయి. వంతెన చేసే పని ఒక్కటే, మనిషిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చడం. మీ మూడు ఫోటోల్లో ఆ పని జరుగుతూ కనిపించేది దీంట్లోనే. లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడిన ఆ జులైని ములుగు, భూపాలపల్లి వైపు ఎవరూ మరిచిపోలేదు. ఆ వాన గురించి ఒక్క అక్షరం రాయకుండానే మీ ఫోటో ఆ వానను చూపిస్తోంది. మూడింట్లో నాకు నచ్చింది ఇదేనని దాచకుండా చెబుతున్నాను.

లోపాలు కూడా ఉన్నాయి. ఫోటో ఎడమకు కొద్దిగా వాలింది. దూరపు ఒడ్డు దగ్గర నీటి గీత చూస్తే తెలుస్తుంది. సరిచేయడానికి తిప్పితే నాలుగు వైపులా అంచు కొంత పోతుంది. ఫోన్ ఫోటో చతురస్రానికి దగ్గరగా ఉంటుంది, 12 బై 18 సైజు పొడుగు. ఆ కొలతకు తేవడానికి పైనో కిందో ఇంకొంత కోయాలి. ఆయన పాదం కింద ఖాళీ చాలా తక్కువ ఉంది. ల్యాబులో కుర్రాడికి వదిలేస్తే మధ్యకు పెట్టి కోసేస్తాడు, వేళ్లు పోతాయి. ఆ వేళ్లు పోతే ఫోటో పోయినట్టే. పక్కన కూర్చొని, కోసేదంతా పైన మబ్బులోంచే కోయించండి.

ముఖ్యమైన చిక్కు ఇంకొకటుంది, మీ ఉత్తరంలో అది చిన్న వాక్యంగా ఉంది. తమ్ముడికి వాట్సాప్‌లో పంపిన కాపీ నుంచి ఈ ప్రింటు తీయించానని, తీసిన ఫోన్ పాతదై బీరువాలో పడి ఉందని రాశారు. వాట్సాప్ మామూలుగా పంపిన ఫోటోను బాగా కుదిస్తుంది. పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లే మిగులుతాయి. 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి తొంభై కూడా రావు, ముఖం మెత్తబడిపోతుంది. మీరు పంపిన చిన్న ప్రింటులోనే చెవి దగ్గర ఆ మెత్తదనం కనిపిస్తోంది. అదే ఫోన్‌లోని అసలు ఫైలు 12 మెగాపిక్సెళ్లది అయితే పొడుగు వైపు 4000 ఉంటాయి, అంగుళానికి 220 వరకు వస్తాయి. ఆ సైజుకు హాయిగా సరిపోతుంది. పైగా తేదీ, టైము లాంటి వివరాలు వాట్సాప్ కాపీలో మిగలవు కాబట్టి దాన్ని ఒరిజినల్ అంటే పోటీవాళ్లు ఒప్పుకోరు. అంటే పాత ఫోన్‌లో ఫైలు లేకపోతే ఈ ఫోటోను పంపే దారే లేదు. అమ్మను మళ్లీ కదిలించే ముందు ఇది తేల్చుకోండి.

ఫైలు దొరికిందనుకుందాం. అమ్మ ఏమన్నారో మళ్లీ చదవండి. ఆ ఫోటో బాగాలేదని ఆమె అనలేదు. దాచిపెట్టు అని కూడా అనలేదు. ‘పోటీ’ అన్న మాట, ‘మార్కులు’ అన్న మాట ఆమెను తాకాయి. ఏడాది కూడా నిండలేదు. ఆయన వస్తువులు ఇంట్లో ఇంకా ఆయన పెట్టిన చోటే ఉండి ఉంటాయి. మీకది ఫోటో, ఆమెకు మనిషి. ఇంకొకటి అడుగుతాను: ఈ ఫోటోను ఆమె సరిగ్గా చూశారా? ఫోన్ తెర మీద అరచేతిలో చూడటం వేరు. పోటీ సంగతి పక్కనబెట్టి ముందు ఇంటి కోసం ఒక పెద్ద ప్రింటు తీయించండి. ఆమె చేతికివ్వండి. పక్కన కూర్చోండి, ఏమీ అడగకండి. ఆ రోజు ఆయన వాగు ఎందుకు దాటారో, ఎవరింటికి బయల్దేరారో ఆమెకు తెలిసి ఉండొచ్చు, మీకు తెలియకపోవచ్చు. పోటీ ఏమైనా ఆ ప్రింటు మీ ఇంట్లో ఉంటుంది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు ఆమెను ఒక్కసారే అడగండి. “నాయినకు మార్కులెయ్యరమ్మా, నేను తీసినదానికేస్తరు” అని ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి. ఒప్పుకుంటే మంచిదే. వద్దంటే అక్కడితో ఆపండి. చట్టం ప్రకారం ఫోటో మీది. 1957 కాపీరైట్ చట్టం కింద ఫోటోకు తొలి హక్కుదారు తీసినవాళ్లే, ఇంట్లోవాళ్ల సంతకం అక్కర్లేదు. కానీ మీరు అడుగుతున్నది చట్టం గురించి కాదు. ఆమె వద్దన్నాక పంపి ప్రైజు తెస్తే ఆ సర్టిఫికెట్ ఏ గోడకు కడతారు?

అడగడానికి ముందు రూల్స్ కాగితంలో ఒక విషయం చూడండి. గెలిచిన ఫోటోలను నిర్వాహకులు ఎక్కడెక్కడ వాడుకుంటారో రాసి ఉంటుంది. ప్రదర్శన వరకేనా, క్యాలెండరు, పోస్టరు, ఫ్లెక్సీ కూడానా? మీ నాన్నగారి బొమ్మ చౌరస్తాలో ఫ్లెక్సీ మీద ఎండకు వానకు వేలాడటం అమ్మ చూడాల్సి వస్తే ఆమె ఏమవుతారు? అలాంటి షరతు ఉంటే అమ్మకు ముందే చెప్పండి. ఇష్టం లేకపోతే ఆ ఫోటో ఇవ్వకండి. గెలిచాక అడ్డుచెప్పడం కుదరదు.

తమ్ముడి మాటకు కూడా జవాబు కావాలి. నాయిన ఓడిపోరు, నిజమే. కానీ మీకు బాధ కలగదని నేను చెప్పను. మొదటి వడపోతలోనే పక్కన పెట్టారని తెలిసిన సాయంత్రం, బుర్ర ఎన్ని చెప్పినా, ఆయన్నెవరో కాదన్నట్టే అనిపిస్తుంది. పోటీల్లో మంచి ఫోటోలు పోతుంటాయి. ఆ రోజు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల ఇష్టాల మీద చాలా ఆధారపడుతుంది. ఆ సాయంత్రాన్ని ఇప్పుడే ఊహించుకోండి. తట్టుకోగలననిపిస్తే పంపండి. గొంతు పట్టేస్తే ఈ ఏడు వద్దు. సంవత్సరీకం కానివ్వండి, వచ్చే ఏడు చూసుకోవచ్చు. అంశం మారుతుంది, వంతెన ఉండకపోవచ్చు, ఆ నష్టం ఉంది. అయితే మంచి ఫోటోకు చాలా అంశాలు సరిపోతాయి. నడక, వాన, వయసు, ఊరు, ఏది పెట్టినా ఈ ఫోటో అందులో ఉంటుంది.

ఒకవేళ పంపితే శీర్షికలో ‘నాన్న చివరి’ లాంటి మాట రాయకండి. రాస్తే న్యాయనిర్ణేతలు ఫోటో చూడటం మానేసి మీ మీద జాలిపడతారు. అమ్మ భయపడింది కూడా అలాంటిదానికే. వాగు పేరు, ‘ఆగస్టు 2023’, అంతే చాలు.

ఫోన్ ఫోటో అని మొహమాటపడుతూ రాశారు. మీరు రాసిన రూల్స్‌లో కెమెరాతోనే తీయాలని ఎక్కడా లేదు.

గడువు 5వ తేదీ, ల్యాబుకు రెండు రోజులు వేసుకోండి. అమ్మకు ఆలోచించుకోవడానికి టైము ఉండాలంటే పాత ఫోన్ ఇవాళే బయటికి తీయాలి. చాలాకాలం ఛార్జింగ్ లేని ఫోన్ పెట్టగానే వెలగదు. పోయిందనుకొని టెన్షన్ పడి స్విచ్ నొక్కుతూ ఉండకండి, గంటసేపు అలా వదిలేయండి. వెలిగాక ఫోటోను వాట్సాప్‌లో పంపుకోవద్దు. కేబుల్ పెట్టి నేరుగా కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. ఆ రోజు తీసినవన్నీ ఎక్కించుకోండి. నాన్నగారు ఆ ఒడ్డుకు చేరాక వెనక్కి తిరిగి చూసిన ఫ్రేము కూడా ఉండే ఉంటుంది.